కాచిన పాలు, కాచని పిండి

మా చెల్లెలు అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో ఉంటుంది, పోర్ట్‌లండ్‌ని ఆనుకుని ఉన్న హిల్స్‌బరోలో. మా ఆవిడ రాజమండ్రిలో డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు మైక్రోబయాలజీ చెప్పి రిటైరైంది. నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ని. సూక్ష్మజీవుల గురించి నాకేమీ తెలియదన్న ఒక్క సంగతిలో తప్ప ఆ వదినా మరదళ్లకు ఎందులోనూ మాట కలవదు. కిందటేడు అక్టోబరులో మేం అక్కడికి వెళ్లిన నాలుగో రోజున, చెల్లెలు ఆఫీసు నుంచి వస్తూనే వంటింటి బల్ల మీద చిన్న ప్లాస్టిక్ పొట్లం ఒకటి పెట్టింది. అందులో ఇసక రంగు నలుసులు, మహా అయితే రెండు చెంచాలు. ఆ పొట్లం మీద మొదలైన వాదన మేం తిరుగు విమానం ఎక్కేదాకా నడిచింది. గుర్తున్నంతవరకు రాస్తున్నాను. మాటలన్నీ ఒక్క రోజువి కావు, ఒక్క పూటవీ కావు.

చెల్లెలు: వదినా, అది ముట్టుకోకండి. 1847 నాటిది.

మా ఆవిడ: నూకలా ఉందే. ఏమిటిది?

చెల్లెలు: సవర్‌డో స్టార్టర్. ఈస్టు వేయకుండా రొట్టె పొంగడానికి వాడే పులిసిన పిండి. దాన్నే ఎండబెట్టి నలిపారు. నీళ్లు పోసి, కొత్త పిండి వేసి లేపితే మళ్లీ బతుకుతుంది. మా ఆఫీసులో ఒకావిడ ఇచ్చింది.

మా ఆవిడ: 1847లో ఎండబెట్టారా?

చెల్లెలు: కాదండీ బాబూ. ఎండబెట్టింది ఈమధ్యనే. వంశం 1847ది. కార్ల్ గ్రిఫిత్ అని ఒక పెద్దాయన, ఇక్కడి వాయుసేనలో అధికారిగా చేసి రిటైరయ్యారు. వాళ్ల పెద్దలు 1847లో మిస్సోరి నుంచి ఎడ్లబళ్ల మీద వచ్చారు. ఆరెగాన్ ట్రైల్ అంటారు ఆ దారిని. ఇంచుమించు 2,000 మైళ్లు. వచ్చి సేలం దగ్గర స్థిరపడ్డారు, ఇక్కణ్నుంచి కారులో గంట. బండిలో ఈ పిండి కూడా వచ్చిందని వాళ్లింట్లో చెప్పుకుంటారు. ఆయన పదేళ్ల పిల్లాడిగా, గొర్రెలు కాసే బాస్క్ వాళ్ల మకాంలో దీంతో రొట్టె చేయడం నేర్చుకున్నారట. ముసలితనంలో, స్టాంపు అంటించిన కవరు పంపిన ప్రతివాళ్లకీ ఎండు పిండి పోస్టులో ఉచితంగా పంపేవారు. 2000లో పోయారు. ఆయన స్నేహితులు ఆ పంపకం ఆపలేదు.

మా ఆవిడ: కాగితం ఏమైనా ఉందా?

చెల్లెలు: పిండికి బర్త్ సర్టిఫికెట్ అడుగుతారా వదినా?

మా ఆవిడ: ముప్పై అయిదేళ్లు బ్యాంకు మనిషితో కాపురం చేశాను. అడుగుతాను. సరే, ఆయన మాట నిజమే అనుకుందాం. బండిలో వచ్చిన పిండి ఇదేనా అన్నది వేరే ప్రశ్న. ఇన్నేళ్లలో దానికి ఎన్ని వేలసార్లు కొత్త పిండి కలిపి ఉంటారు? అప్పటి పిండి నలుసు ఒక్కటైనా ఇందులో మిగిలి ఉంటుందా?

చెల్లెలు: పిండి మిగలదు. సూక్ష్మజీవుల సంతానం మిగులుతుంది. మనం తాతల పోలికలతో లేమూ?

మా ఆవిడ: తాత పోలిక మనవడికి రావడానికి పెళ్లి ఒకటి జరుగుతుంది కదమ్మా. కొత్త పిల్ల ఇంట్లోకి వస్తుంది. నువ్వు వేసే ప్రతి గుప్పెడు పిండితోనూ కొత్త సూక్ష్మజీవుల పటాలం ఒకటి దిగుతుంది. గోధుమ గింజ పొలంలోంచి తెచ్చుకున్నవి, మరలో అంటుకున్నవి. ఇంకో రెండు వారాలు పోతే నీ సీసాలో ఉండేవి ఈ ఊరి కొట్లో కొన్న పిండిలో ఉన్నవే. దీనికి పొట్లం ఎందుకు? గోధుమ పిండిలో నీళ్లు కలిపి పెట్టు. వారం పది రోజుల్లో నీకే సొంత స్టార్టర్ వస్తుంది.

చెల్లెలు: అందరూ అదే అంటారు. 2020లో లాక్‌డౌన్‌లో కొట్లలో ఈస్టు దొరక్క, ఇక్కడ ఇంటింటా అదే చేశారు. నేను కూడా చేశాను. మూడుసార్లు.

మా ఆవిడ: ఏమైంది?

చెల్లెలు: మూడో రోజు పొంగింది, నాలుగో రోజు చచ్చింది. మూడుసార్లూ.

మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు తప్పు స్లైడు చూపించినప్పటి నవ్వు. ఎందుకు చచ్చిందో అప్పుడు చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ వ్యాసంలో సగం ఉండేది కాదు.

పొట్లం మీద ఎంత వెటకారం చేసినా, లేపే పద్ధతి దగ్గర మాత్రం మా ఆవిడ చెల్లెల్ని పక్కకు జరగమంది. మొదటి మాట, పొట్లం అంతా వాడొద్దు. సగం గాజు సీసాలో వేసి ఫ్రీజర్లో పెట్టించింది. మిగిలినదాంట్లో 5 గ్రాములు తూచి, 10 గ్రాముల గోరువెచ్చని నీళ్లు పోసింది. చెయ్యి పెడితే వెచ్చదనం తెలియాలి కానీ చురుక్కుమనకూడదు. 60 డిగ్రీల వేడినీళ్లు పోస్తే లేవడానికి బదులు ఉడికిపోతాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, రాత్రంతా మూత తీసి ఉంచితే పోతుంది. కొన్ని ఊళ్లలో క్లోరమిన్ కలుపుతారు, అది అలా పోదు. అందుకని ఫిల్టరు నీళ్లు. మూడు గంటలకు నలుసులు మెత్తబడి గంజిలా అయ్యాయి. అందులో 10 గ్రాముల పిండి, సగం ముడి గోధుమది, సగం బ్లీచ్ చేయని మైదా. మూత వదులుగా.

చెల్లెలు: ఇన్నాళ్లు ఎండి ఉన్నవి మళ్లీ ఎలా లేస్తాయి వదినా? నాకు అదే వింత.

మా ఆవిడ: అన్నీ లేవవు. చాలావరకు చస్తాయి. ఈస్టు కణం ఆకలేసినప్పుడూ ఎండిపోతున్నప్పుడూ ట్రెహలోస్ అనే చక్కెరని లోపల పోగేసుకుంటుంది. నీరు పోయిన చోట అది గాజులా గడ్డకట్టి, కణం పొర కూలిపోకుండా ఆనుకుని ఉంటుంది. నీళ్లు తగలగానే ఆ చక్కెర కరిగి దారి ఇస్తుంది. బ్యాక్టీరియాకి ఆ సౌకర్యం తక్కువ. కానీ వాటి లెక్క ఎక్కువ. బాగా పులిసిన స్టార్టర్‌లో గ్రాముకి 100 కోట్ల దాకా లాక్టిక్ బ్యాక్టీరియా ఉంటాయి. ఈస్టు కోటి దాకా.

చెల్లెలు: అంటే వెయ్యింట ఒకటి బతికినా...

మా ఆవిడ: 10 లక్షలు.

చెల్లెలు: మరి మీ పటాలం? కొత్త పిండిలో ఎన్ని ఉంటాయి?

మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. చెల్లెలు ఎక్కడికి లాగుతోందో ఆవిడకు అర్థమైంది. నాకు కూడా అర్థమైంది, అది లెక్క కాబట్టి.

మా ఆవిడ: గ్రాముకి వందలు, వేలు.

చెల్లెలు: 10 లక్షల మంది ఉన్న ఊళ్లోకి వెయ్యిమంది వచ్చి ఊరు పేరు మారుస్తారా?

మా ఆవిడ: నిద్ర లేవడానికి ఎవరికి ఎంతసేపు పడుతుందో చూడాలి. నీ 10 లక్షలూ మత్తులో ఉన్నాయి. నా వెయ్యీ మెలకువగా ఉన్నాయి, ఆకలిగా ఉన్నాయి. పైగా రోజూ కొత్త వెయ్యి దిగుతుంది. అయినా ఇవాళ గెలవడం వేరు, నిలవడం వేరు.

మర్నాడు చెల్లెలు ఉత్తరాలు దాచుకున్న మనిషిలా పాత సంగతి బయటకు తీసింది.

చెల్లెలు: వదినా, 2003లో నేను మొదటిసారి విమానం ఎక్కేటప్పుడు చేతిరుమాలు పెరుగులో ముంచి, నీడన ఆరబెట్టి, మడిచి నా పెట్టెలో పెట్టిందెవరు?

మా ఆవిడ: నేనే.

చెల్లెలు: ఇక్కడి పాలలో ఆ గుడ్డ ముక్క వేస్తే తోడుకుంటుంది, మన ఇంటి పెరుగు నీ వెంటే ఉంటుంది అన్నదెవరు?

మా ఆవిడ: అన్నాను. తోడుకోలేదా?

చెల్లెలు: తోడుకుంది. రెండు మూడుసార్లు తోడేసరికి అచ్చం మన పెరుగే. గుడ్డలో మన ఇంటి పెరుగు ఉన్నప్పుడు పొట్లంలో వాళ్లింటి పిండి ఎందుకు ఉండదు? గోదావరి జిల్లాకో న్యాయం, ఆరెగాన్‌కో న్యాయమా?

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అన్నంలో చెయ్యి ఉండి కొట్టలేదు. మా ఆవిడ చేసిన పని ఆవిడ మీదికే తిరిగింది. కానీ ఆవిడ తడుముకోలేదు. ఈ గొడవ మొత్తంలో నాకు బాగా నచ్చిన జవాబు అప్పుడే చెప్పింది.

మా ఆవిడ: పాలు ఏం చేసి తోడు వేశావు?

చెల్లెలు: కాచి, చల్లార్చి.

మా ఆవిడ: పిండిని?

చెల్లెలు: పిండిని ఎవరైనా కాస్తారా!

మా ఆవిడ: అదీ సంగతి. పాలు కాచగానే ఇల్లు ఖాళీ అయిపోయింది. లోపల ఉన్నవాటిలో దాదాపు అన్నీ చచ్చాయి. కొన్ని మొండివి విత్తనాల రూపంలో మిగిలినా, అవి లేచేలోగా తోడు తన పని పూర్తి చేసుకుంటుంది. ఖాళీ ఇంట్లో నీ తోడు దిగింది. అందుకే అది మన ఇంటి పెరుగు అని ధైర్యంగా చెప్పగలను. పిండిని కాచలేవు. కాస్తే గ్లూటెన్ చెడి, అది రొట్టెకి పనికిరాదు. కాబట్టి ఎప్పుడూ పచ్చి పిండే వెయ్యాలి. అంటే నిండుగా జనం ఉన్న ఇంట్లో నీ చుట్టాన్ని దింపుతున్నావు, అదీ ప్రతిరోజూ. తోడుకు వంశం ఉంటుంది. స్టార్టర్‌కి చిరునామా ఉంటుంది, అంతే.

చెల్లెలు: చిరునామా అంటే?

మా ఆవిడ: ఏ పిండి వేస్తున్నావు, ఎంత వేడిలో పెడుతున్నావు, ఎన్ని గంటలకోసారి తిండి పెడుతున్నావు. లోపల ఎవరుండాలో అవి తేలుస్తాయి. 1847 తేల్చదు.

ఇక్కడ నా నేరం చెప్పుకోవాలి. అక్టోబరులో హిల్స్‌బరో వంటిల్లు చల్లగా ఉంటుంది. అక్కడి తెలుగువాళ్లు ఇడ్లీ పిండిని ఓవెన్లో పెట్టి లైటు మాత్రం వేసి ఉంచుతారు. ఆ బల్బు వేడికే పొద్దున్నకి పిండి గిన్నె అంచు దాటుతుంది. మా చెల్లెలి ఓవెన్లో ఇడ్లీ పిండి గిన్నె పక్కనే ఈ సీసా కూడా చోటు సంపాదించుకుంది. అయిదో రోజుకు సగం పైకి లేచింది, పులుపు, కొంచెం ఆపిల్ తొక్క లాంటి వాసన. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నాకు పల్లీలు వేయించుకోవాలనిపించింది. ఓవెన్ 350 డిగ్రీల మీద పెట్టాను. అది ఫారన్‌హీట్ అని, అంటే మన లెక్కలో 175 పైచిలుకని తర్వాత తెలిసింది. తెలిసినా ఒరిగేది లేదు. ఇరవై నిమిషాలకు ఇల్లంతా కమ్మటి రొట్టె వాసన. లోపల ఏదో మంచి జరుగుతోందనుకున్నాను.

ఇడ్లీ పిండి గిన్నెలోనే దిబ్బరొట్టె అయింది. సీసాలోది అడుగంటి, గోడలకు పెంకు కట్టింది.

చెల్లెలు: అన్నయ్యా! నూట డెబ్బై ఏళ్లకు పైగా బతికింది. మంచులో, ఎండలో, ఎడ్లబండిలో. నీ పల్లీలకు పోయింది.

మా ఆవిడ: ఏడవకు. ఫ్రీజర్లో సగం ఉంది. ఏవండీ, మీరు ఈ పూట పల్లీలు పచ్చివే తినండి.

ఆ సాయంత్రమే ఓవెన్ బటన్ మీద చెల్లెలు పసుపు కాగితం అంటించింది, నా పేరు రాసి మరీ. మా ఆవిడ ఒక షరతు పెట్టింది. ఈసారి రెండు సీసాలు. ఒకదాంట్లో పొట్లం నలుసులు. రెండోదాంట్లో ఏమీ లేదు, వట్టి పిండీ నీళ్లూ. రెంటికీ ఒకటే పిండి, ఒకటే నీళ్లు, ఒకటే వేళ. పిండి ఎంతవరకు ఉందో తెలియడానికి రెంటికీ రబ్బరు బ్యాండ్లు. కాలేజీలో దీన్ని కంట్రోల్ అంటారట.

రెండో రోజు రాత్రి వట్టి పిండి సీసా గలగలా బుడగలు కట్టింది. మూడో రోజు పొద్దున్నకి రబ్బరు బ్యాండు దాటి మూత తన్నింది. పొట్లం సీసా మాత్రం అడుగున నాలుగు బుడగలతో మౌనంగా కూర్చుంది.

చెల్లెలు: ఇదేమిటి వదినా? నాది లేవనే లేదు. మీదేమో ఎగిరెగిరి పడుతోంది. పొట్లం పిండి చచ్చిందా?

మా ఆవిడ: నాది వాసన చూడు.

చెల్లెలు: ఛీ! సాక్సుల కంపు.

మా ఆవిడ: లాక్‌డౌన్‌లో నువ్వు చూసిన పొంగు ఇదే. ఇది ఈస్టు పని కాదు. పిండిలో మొదట నిద్ర లేచే తొందరగాళ్లు కొందరుంటారు. వాళ్లలో ల్యూకోనాస్టాక్ ముఖ్యమైనది. మన ఇడ్లీ పిండిని పొంగించేది కూడా అదే, 1960లలోనే తేల్చారు. మినప్పప్పుతో పాటే వస్తుంది కాబట్టి ఇడ్లీకి ఎవరి దగ్గరా తోడు అడుక్కోనక్కర్లేదు. ఇడ్లీలో మనం దాన్ని పొంగగానే ఆవిరి మీదికి ఎక్కిస్తాం, కథ అక్కడితో సరి. ఇక్కడ ఆపం కదా. పులుపు పెరిగేకొద్దీ అది తట్టుకోలేక పడుకుంటుంది. నాలుగో రోజు చచ్చిందనుకుని పారబోశావు. చావలేదు, కాపలా మారింది. పులుపు తట్టుకునే బ్యాక్టీరియా, ఈస్టు మెల్లిగా పైకి రావాలి. ఇంకో నాలుగు రోజులు తిండి పెట్టి ఉంటే లేచేది.

చెల్లెలు: మూడుసార్లు పారబోశాను! అప్పుడే ఒక ఫోన్ కొట్టి ఉంటే పోయేది. సరే, మరి నా పొట్లం సీసాకి ఆ సాక్సుల దశ ఎందుకు రాలేదు?

మా ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంది. నాకు బాగా తెలిసిన మరో అలవాటు ఇది, తనకు ఇష్టంలేని సమాధానం సరైనదైనప్పుడు.

మా ఆవిడ: ఎందుకంటే నీ పొట్లంలోవి మొదటి రోజునుంచే పులుపు చేశాయి. పైకి బుడగ కనిపించకపోయినా లోపల పులిసింది. నలుసుల్లో పాత పులుపు ఎలాగూ ఉంది. దాంతో తొందరగాళ్లకు అసలు సందు దొరకలేదు.

చెల్లెలు: అంటే బతికి ఉన్నది పొట్లంలోదే.

మా ఆవిడ: మొదటి వారం నీది. ఒప్పుకున్నాను. రాసుకో.

చెల్లెలు నిజంగానే రాసుకుంది. క్యాలెండర్ మీద, తారీఖు వేసి.

పొట్లం సీసా నాలుగో రోజున సగం లేచింది, ఆరో రోజున ఏడు గంటల్లో రెట్టింపైంది. ఆ మర్నాడూ అంతే. రెండు రోజులు వరసగా అలా రెట్టింపైతేనే రొట్టెకి తయారైనట్టు, ఒక్కసారి పొంగగానే తొందరపడకూడదంది మా ఆవిడ. మధ్యలో ఒకరోజు తిండి పెట్టడం మరిచిపోతే పైన నల్లటి నీళ్లు తేరాయి. చెల్లెలు కంగారుపడింది. అది ఆకలి నీళ్లు, వంపేసి పిండి వెయ్యి అంది ఆవిడ. గులాబీ రంగో నారింజ రంగో చార కనిపిస్తే మాత్రం మారు ఆలోచన లేకుండా చెత్తబుట్టలోకే, 1847 అయినా సరే. వట్టి పిండి సీసా నాలుగో రోజున చప్పబడి, తొమ్మిదో రోజున లేచింది. పదకొండో రోజుకి రెండు సీసాలకూ పైకి తేడా కనిపించలేదు. అక్కడే మళ్లీ మొదలైంది.

మా ఆవిడ: ఇప్పుడు చెప్పు. ఈ రెండింట్లో ఎడ్లబండి ఎక్కింది ఏది?

చెల్లెలు: వాసన వేరు. నాది పెరుగులా ఉంది, మీది పచ్చి కల్లులా ఉంది.

మా ఆవిడ: రెండు నెలలాగు, అదీ పోతుంది. నీ శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ల సంగతి చూడు. అక్కడి పొగమంచులో ఏదో ఉంది, ఆ రొట్టె మరెక్కడా రాదు అని ఎన్ని కబుర్లు! 1971లో సుగిహారా, క్లైన్ అనే ఇద్దరు ప్రభుత్వ ప్రయోగశాలలో ఆ పులుపు చేసే బ్యాక్టీరియాని పట్టుకున్నారు. ఊరి పేరే పెట్టారు దానికి. తీరా చూస్తే అదే జీవి ఇటలీలో ఉంది, జర్మనీలో ఉంది.

చెల్లెలు: కానీ దాని కాపురం చూడండి వదినా, ఎంత ముచ్చటగా ఉంటుందో. ఆ బ్యాక్టీరియాకి మాల్టోస్ ఇష్టం. దానితో ఉండే ఈస్టుకి మాల్టోస్ అరగదు. బ్యాక్టీరియా మాల్టోస్ తిని గ్లూకోస్ బయటకు వదిలితే ఈస్టు అది తింటుంది. ఒకదాని ఎంగిలి ఇంకొకదానికి భోజనం. పులుపుని ఇద్దరూ తట్టుకుంటారు, మూడోవాడు తట్టుకోలేడు. ఇలా కుదురుకున్న జంట మీ కొత్త పటాలం వచ్చి తలుపు తడితే తీస్తుందా?

మా ఆవిడ: బాగా చదివావే.

చెల్లెలు: రాత్రిళ్లు ఇంకేం చేస్తున్నాననుకున్నారు? ఇంకో సంగతి. బెల్జియంలో సాంక్ట్ ఫిట్ అనే ఊళ్లో స్టార్టర్లకి లైబ్రరీయే ఉంది, 2013లో పెట్టారు. వందకు పైగా సీసాలు ఫ్రిజ్‌ల్లో. ఏ దేశానిది ఆ దేశానిది విడివిడిగా దాస్తున్నారు. వంశం లేకపోతే ఎందుకు దాస్తారు?

మా ఆవిడ: రెండు నెలలకోసారి వాటికి తిండి పెడతారు కదా. ఏ పిండితో?

చెల్లెలు: ...స్టార్టర్ ఇచ్చిన బేకరీ వాళ్ల పిండే తెప్పించి.

మా ఆవిడ: ఎందుకట?

చెల్లెలు: మీరే చెప్పండి.

మా ఆవిడ: పిండి మారితే అది మారిపోతుందని వాళ్లకీ భయమే కాబట్టి. ఆ ఊళ్లోనే ఒకసారి పద్నాలుగు దేశాల నుంచి పదిహేనుమంది రొట్టెలవాళ్లని పిలిచారు. ఒకే రకం పిండి ముందే పంపి, ఎవరింట్లో వాళ్లని స్టార్టర్ చేసుకు రమ్మన్నారు. తెచ్చాక చూస్తే దేనికదే వేరు. వాళ్ల చేతులు కూడా పరీక్ష చేశారు. మామూలు మనుషుల చేతుల మీద కన్నా ఎన్నోరెట్లు లాక్టిక్ బ్యాక్టీరియా ఉన్నాయి. పిండి చేతికి ఇస్తోంది, చెయ్యి పిండికి ఇస్తోంది. పొట్లం ఒక్కటే ఇవ్వడం లేదు.

చెల్లెలు: మరి 2021లో వచ్చింది చూడలేదా? 500 స్టార్టర్లు పరీక్ష చేశారు. ఊరిని బట్టి తేడా దాదాపు ఏమీ లేదన్నారు.

మా ఆవిడ: నేను మొదటి నుంచీ మొత్తుకునేది అదేగా! వయసుని బట్టి కూడా పెద్దగా ఏమీ లేదన్నారు. పాతదా కొత్తదా, ఆరెగాన్‌దా అస్సాందా, సీసా చూసి చెప్పలేం. నీ 1847 కథలో ఉంది కానీ పిండిలో లేదు.

చెల్లెలు: ఆగండి. ఊరు దానికి అంటదు అన్నారు కదా?

మా ఆవిడ: అన్నాను.

చెల్లెలు: అయితే హిల్స్‌బరోకి తెచ్చినంత మాత్రాన అది హిల్స్‌బరోది అయిపోదు. రాజమండ్రి తీసుకెళ్లినా రాజమండ్రిది అయిపోదు. ఇంకో రెండు వారాలు పోతే ఈ ఊరి కొట్లో పిండిదే అన్నారే మొదటి రోజున, ఆ మాట వెనక్కి తీసుకుంటారా?

మా ఆవిడ: రెండు వారాలు అన్నది తీసుకుంటాను. ఏదో ఒక రోజు అన్నది తీసుకోను.

ఈ మాట దగ్గర నేను కల్పించుకోబోయాను. మా అమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది. గంజీ, బియ్యం కడుగు పోసి పులియబెట్టిన కుండ, పైన దబ్బాకు. అందులోంచి అన్నం తీసేవాళ్లు, మళ్లీ పోసేవాళ్లు, అడుగు మాత్రం ఎప్పుడూ ఖాళీ చేసేవాళ్లు కాదు. అమ్మకు అది అత్తగారి నుంచి వచ్చింది. కుండ పగిలితే పక్కింటి నుంచి చెంబెడు కలి తెచ్చుకుని కొత్త కుండలో పోశారు. అది మా తరవాణేనా, పక్కింటివాళ్లదా అని ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఇదే చెప్పాను. ఇద్దరూ నా వైపు ఒకే రకంగా చూశారు. చెల్లెలికేమో నేను తన పక్షం మాట్లాడినట్టుంది, మా ఆవిడకు తన పక్షం. బ్యాంకులో ఇంత మంచి మధ్యవర్తిత్వం నేనెప్పుడూ చేయలేదు.

రొట్టెలు రెండూ ఆదివారం కాల్చారు, ఏ సీసాది దానికి విడిగా. చెల్లెలు తన రొట్టెని కోసి, కళ్లు మూసుకుని వాసన చూసింది. నాకైతే రెండూ కొంచెం గట్టిగా, కొంచెం పుల్లగా, ఆవకాయ నంజుకుంటే బ్రహ్మాండంగా ఉన్నాయి. పొట్లం రొట్టె ఒక వేలెడు ఎక్కువ పొంగిన మాట నిజం. అది తన పక్షమే అంది చెల్లెలు. సీసాలు లేవడంలో అయిదు రోజుల తేడా, వచ్చే నెల చూడమంది మా ఆవిడ. వచ్చే నెల చూశారు, సమానంగా పొంగాయి. దానర్థం ఏమిటన్న దాని మీద మళ్లీ ఒక రాత్రి గడిచింది, అది రాయను.

డిసెంబరు మొదట్లో మా ప్రయాణం. వారం ముందు ఒక పొద్దున్న నేను లేచేసరికి, వంటింట్లో హీటరు గాలి వచ్చే జల్లెడ పక్కన నూనె అంటని బేకింగ్ కాగితం పరిచి ఉంది. దాని మీద పల్చగా పూసిన పిండి, అప్పడాల ఒరుగులా అంచులు లేస్తూ. పరిచింది చెల్లెలు కాదు.

చెల్లెలు: వదినా! మీరు ఎండబెడుతున్నారా?

మా ఆవిడ: ఊరికే. అక్కడ ఎండల్లో ఎలా ఉంటుందో చూద్దామని. మేలో 40 దాటుతుంది మాకు. ఈ సీసాల్లో కనిపించే ఈస్టు రకాల్లో కొన్ని 36 దాటితే పెరగవు. బ్యాక్టీరియా మాత్రం దున్నేస్తాయి. పొంగు తగ్గి పులుపు హెచ్చుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రి చల్లబడ్డాక తీసి తిండి పెట్టాలేమో.

చెల్లెలు: ఇది ఏ సీసాది?

మా ఆవిడ: నీదే.

చెల్లెలు: మరి మీ సొంతది ఉండగా?

మా ఆవిడ: నాది మళ్లీ చేసుకోగలను. దానికి పొట్లం ఎందుకు?

ఎండిన రేకుల్ని నలిపి, రెండు చిన్న సంచుల్లో పోశారు. ఒకటి మా పెట్టెలోకి, ఒకటి అక్కడి ఫ్రీజర్లోకి. చెల్లెలు పెన్ను తీసుకుని మా సంచి మీద 1847 అని వేసింది. మా ఆవిడ పెన్ను లాక్కుని దాన్ని కొట్టేసి, ఎండబెట్టిన తారీఖు వేసింది. చెల్లెలు ఆ తారీఖు ముందు 1847 పెట్టి, మధ్యలో గీత గీసింది, పోయినవాళ్ల పుట్టుక మరణాలు వేసినట్టు. మా ఆవిడ చూసి, ఇది ఇంకా పోలేదమ్మా అని రెండో తారీఖు మీద పెన్నుతో పూర్తిగా నల్లగా దిద్దేసింది.

ఇప్పుడు ఆ సంచి రాజమండ్రిలో మా ఫ్రిజ్ పై అరలో, గోంగూర పచ్చడి సీసా వెనక ఉంది. కొట్టేసిన 1847, దాని పక్కన మళ్లీ రాసిన 1847, గీత, నల్లటి మచ్చ. కింద మా ఆవిడ చేతిరాతతో ఇంకో వరస ఉంది, నన్ను ఉద్దేశించి: పల్లీలు వేయించేటప్పుడు దీన్ని కదపకండి.